స్వేచ్ఛావాద విద్యార్థి మిత్రులకు బహిరంగ లేఖ: పర్మిట్ రాజ్యం మీ క్యాంపస్‌లోనే ఉంది

తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల్లో చదువుకుంటూ, వ్యక్తి జీవితంలోనూ మార్కెట్‌లోనూ ప్రభుత్వ జోక్యం వీలైనంత తగ్గాలనే స్వేచ్ఛావాదులమని చెప్పుకునే విద్యార్థినీ విద్యార్థులకు,

నమస్కారం.

మీరు సంఖ్యలో తక్కువే. మీకు జెండా లేదు, రాష్ట్ర కమిటీ లేదు, కష్టం వస్తే ఫోన్ ఎత్తే నాయకుడూ లేడు. ఎస్‌ఎఫ్‌ఐ, ఏబీవీపీ, ఏఐఎస్‌ఎఫ్, పీడీఎస్‌యూ, ఎన్‌ఎస్‌యూఐ, అంబేడ్కర్ విద్యార్థి సంఘాలు ఉన్న క్యాంపస్‌లో మీరు ఎవరి సభలోనూ పూర్తిగా ఇమడలేరు. పన్నుల గురించి నోరు విప్పితే ఒక పక్షం మిమ్మల్ని కార్పొరేట్ ఏజెంట్లంటుంది. తినే తిండి గురించో, చేసుకునే పెళ్లి గురించో ఎవరి ఇష్టం వాళ్లదని అంటే ఇంకో పక్షం సంస్కృతి ద్రోహులంటుంది. అయినా మీ సిద్ధాంతానికి గురువులైన హేయక్‌నూ నోజిక్‌నూ ఫ్రీడ్‌మన్‌నూ ముందేసుకుని హాస్టల్ గదుల్లో అర్ధరాత్రి దాకా మీరు చేసే వాదనలు వినదగ్గవని నా అభిప్రాయం. రాజనీతి శాస్త్రం బోధించేవాణ్ణి కాబట్టి ఏటా మీలాంటివారు ఒకరిద్దరైనా నా తరగతిలో ఉంటూనే ఉన్నారు, న్యాయ సిద్ధాంతాల పాఠం ఎప్పుడొస్తుందా అని కాచుకుని మరీ కూర్చుంటారు. మీ సిద్ధాంతంలో సగాన్ని ఒప్పుకుంటాను, మిగతా సగంతో పోట్లాడతాను. ఈ లేఖ ముఖ్యంగా ఆ ఒప్పుకునే సగాన్ని ఉద్దేశించినది.

నా ఫిర్యాదు ఏమిటంటే, మీ స్వేచ్ఛావాదం ఢిల్లీ దాకా వెళ్తుంది గానీ మీరున్న హాస్టల్ గేటు లోపలికి మాత్రం రాదు. జీఎస్‌టీ శ్లాబుల మీద, ఎరువుల సబ్సిడీ మీద, సినిమా టికెట్ల ధరను ప్రభుత్వం నిర్ణయించడం మీద మీరు అనర్గళంగా మాట్లాడతారు. కానీ మీ పక్క డిపార్ట్‌మెంట్ విద్యార్థులు ఒక చర్చా కార్యక్రమం పెట్టుకోవడానికి హాలు అడిగితే అధికారులు కాదన్నప్పుడు, మీరు ఆ విద్యార్థుల వెంట నిలబడటం నేను చూడలేదు. పైగా అడిగితే మీరిచ్చే సమాధానం దాదాపు ఒకటే: ఆస్తి విశ్వవిద్యాలయానిది, దాన్ని ఎలా వాడాలో నిర్ణయించుకునే హక్కు యజమానిది.

ఆ అనుమతి ఎలా వస్తుందో, ఎలా రాదో తెలియనివారి కోసం ఒక్కసారి చెబుతాను. సభ పెట్టుకోదలచిన విద్యార్థి తెల్లకాగితం మీద దరఖాస్తు రాసి, 'త్రూ ప్రాపర్ ఛానల్' అని పైన పెట్టి, మొదట శాఖాధిపతి చేత ఫార్వర్డ్ చేయించుకోవాలి. ఆయన ప్రిన్సిపాల్‌కు రాస్తారు, ప్రిన్సిపాల్ రిజిస్ట్రార్‌కు రాస్తారు. మధ్యలో ఎవరో ఒకరు వక్తల పేర్లు, వాళ్లు మాట్లాడబోయే అంశం, ఏ సంఘానికి చెందినవారు అన్న వివరాలు అడుగుతారు. శాంతిభద్రతలకు భంగం కలిగితే పూర్తి బాధ్యత తమదేనని హామీ పత్రం రాయించుకుంటారు. మైకు పెట్టాలంటే పోలీస్ స్టేషన్‌కు ఇంకో కాగితం. చివరికి సభ రోజు ఉదయం దాకా ఫైలు 'పరిశీలనలో' ఉంటుంది. తిరస్కరించినట్లు ఎవరూ రాతపూర్వకంగా ఇవ్వరు, ఇస్తే దాని మీద కోర్టుకు వెళ్లవచ్చు కదా. ఏ పనికైనా సర్కారు అనుమతి కావాల్సిన పరిస్థితిని రాజాజీ (సి. రాజగోపాలాచారి) పర్మిట్–లైసెన్స్ రాజ్యం అని పేరు పెట్టి ఎద్దేవా చేశారు, ఆ వ్యవస్థకు ఇంతకంటే చక్కని నమూనా ఎక్కడ దొరుకుతుంది? సిమెంటుకూ స్కూటరుకూ పర్మిట్లు పోయి దశాబ్దాలయింది. మాటకు పర్మిట్ మాత్రం మీ పరిపాలనా భవనం రెండో అంతస్తులో ఇంకా నడుస్తోంది.

ఇక యజమాని హక్కు అన్న వాదనకు వద్దాం. ఆ వాదన 1964లో అమెరికాలోని బర్క్‌లీలో చాలా స్పష్టంగా పరీక్షకు వచ్చింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం గేటు ముందు, బ్యాంక్రాఫ్ట్ వీధి, టెలిగ్రాఫ్ అవెన్యూ కలిసే చోట, 26 అడుగుల వెడల్పున్న ఇటుకల బాట ఒకటి ఉండేది. అది నగరానిదనే నమ్మకంతో విద్యార్థి సంఘాలు అక్కడ బల్లలు వేసుకుని కరపత్రాలు పంచేవి, చందాలు వసూలు చేసేవి. ఆ సెప్టెంబరులో అధికారులు, ఆ బాట విశ్వవిద్యాలయం ఆస్తేననీ, ఇకమీదట అక్కడ రాజకీయ ప్రచారం కుదరదనీ ప్రకటించారు. అంటే మీరు చెప్పే వాదనే, అక్షరం పొల్లు పోకుండా. దానికి ఎదురు నిలిచిన ఐక్య సంఘటనలో పౌరహక్కుల ఉద్యమకారులు, సోషలిస్టులు మాత్రమే కాదు, ఆ ఏడాది అధ్యక్ష ఎన్నికల్లో బ్యారీ గోల్డ్‌వాటర్ తరఫున పనిచేస్తున్న విద్యార్థులూ ఉన్నారు. గోల్డ్‌వాటర్ అంటే ప్రభుత్వ పరిధిని కుదించాలని పట్టుబట్టిన మనిషి, ఆనాటి మార్కెట్‌వాద యువతకు ఆరాధ్యుడు. అక్టోబరు 1న ఒక కార్యకర్తను అరెస్టు చేసి ఎక్కించిన పోలీసు కారును విద్యార్థులు 32 గంటల పాటు కదలనివ్వలేదు. ఆ కారు పైకప్పే వేదికగా విద్యార్థి నాయకుడు మారియో సావియో మొదలుకొని ఎందరో మాట్లాడారు. ధిక్కారం ముదిరిన తరువాత మితవాద సంఘాల్లో కొన్ని వెనక్కి తగ్గిన మాట నిజమే. అయినా మొదటి రోజుల్లో వాళ్లకొక విషయం అర్థమైంది: ఎదుటివాడి బల్ల తీసేసే అధికారం ఉన్నవాడికి తమ బల్ల తీసేసే అధికారమూ ఉంటుంది. డిసెంబరు 8న అధ్యాపకుల సెనేట్ 824–115 ఓట్లతో తీర్మానించినదేమిటంటే, విశ్వవిద్యాలయం సాధారణ పనులకు ఆటంకం రాకుండా సమయం, స్థలం, పద్ధతుల విషయంలో నియమాలు పెట్టుకోవచ్చు గానీ, ఏం మాట్లాడాలన్న దానిలో జోక్యం చేసుకోకూడదని.

నోజిక్ పుస్తకం 'అనార్కీ, స్టేట్ అండ్ యుటోపియా' 1974లో వచ్చింది కాబట్టి బర్క్‌లీ విద్యార్థులు దాన్ని చదివి ఉండే అవకాశం లేదు. మీరు చదివారు. అందులో ఆస్తిహక్కు ఎక్కడినుంచి వస్తుందో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. న్యాయంగా సంపాదించినదై ఉండాలి, లేదా ఇష్టపూర్వకంగా చేతులు మారినదై ఉండాలి. ఉస్మానియా 1918లో నిజాం ఫర్మానాతో మొదలైంది, ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926లో మద్రాసు శాసనసభ చట్టంతో పుట్టింది. వాటి భూములు సర్కారువి, జీతాలు పన్నులు కట్టేవారివి, అధిపతులను నియమించేది ప్రభుత్వం. రాజ్యాంగం 12వ అధికరణం ప్రకారం అవి 'రాజ్యం' అన్న నిర్వచనంలోకే వస్తాయి. సేల్స్ ట్యాక్స్ ఇన్‌స్పెక్టరు దుకాణంలోకి వస్తే రాజ్యం చొరబడిందని మండిపడే మీరు, అదే రాజ్యం రిజిస్ట్రార్ రూపంలో వస్తే దాన్ని ఇంటి యజమానిగా గౌరవించడం ఏ సిద్ధాంతమో నాకు బోధపడదు. ప్రజల సొమ్ముతో నడిచే స్థలంలో అధికారికి ఉన్నది కాపలా బాధ్యత. తరగతులకు అడ్డు రాకుండా, ఒకరి సభ మీద ఇంకొకరి సభ పడకుండా హాళ్లు సర్దిపెట్టే హక్కు ఆయనకుంది. వక్త ఎవరో చూసి తాళం తీయాలో వద్దో తేల్చే హక్కు మాత్రం లేదు.

సరే, ప్రైవేటు విశ్వవిద్యాలయాల మాటేమిటని మీరు అడుగుతారు. ఆంధ్రప్రదేశ్‌లో 2016 చట్టం కింద, తెలంగాణలో 2018 చట్టం కింద వచ్చినవి ఇప్పుడు కొన్ని ఉన్నాయి, మీలో చాలామంది చదివేది వాటిలోనే. అక్కడ మీ వాదనకు బలం ఎక్కువని ఒప్పుకుంటాను. ఇష్టమైనవాళ్లు చేరతారు, యాజమాన్యం తన నియమాలు తాను పెట్టుకుంటుంది, నచ్చనివాళ్లు వెళ్లిపోతారు. నోజిక్ తన పుస్తకం చివరి భాగంలో ఊహించిన ప్రపంచం దాదాపు అలాంటిదే: రకరకాల సముదాయాలు, వాటిలో కొన్ని ఎంతో కఠినమైన కట్టుబాట్లున్నవి, ఎవరికి నచ్చిన చోట వాళ్లు. అయితే ఆ కట్టడం మొత్తం ఒక్క స్తంభం మీద నిలబడి ఉంది. నచ్చనివాడు బయటికి వెళ్లగలగాలి.

మన దగ్గర వెళ్లగలుగుతున్నాడా? అడ్మిషన్ రోజున పదో తరగతి మెమో నుంచి బదిలీ సర్టిఫికెట్ దాకా ఒరిజినల్స్ అన్నీ కాలేజీ బీరువాలోకి వెళ్తాయి. రెండో సంవత్సరం మధ్యలో ఇంకో కాలేజీకి మారాలనుకున్న విద్యార్థినికి మిగిలిన సంవత్సరాల ఫీజు కూడా కట్టి కాగితాలు తీసుకెళ్లమని జవాబు వస్తుంది. ఒరిజినల్స్ సరిచూసుకుని వెంటనే తిరిగి ఇచ్చేయాలని, తమ దగ్గర అట్టిపెట్టుకోకూడదని 2018లోనే యూజీసీ నోటిఫికేషన్ ఇచ్చింది. అమలు ఎలా ఉందో జూన్ నెలలో ఏ ఇంజినీరింగ్ కాలేజీ ఆఫీసు గది ముందు నిలబడినా తెలుస్తుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ విద్యార్థుల కథ ఇంకా విచిత్రం. కాలేజీకి బాకీ పడింది ప్రభుత్వం. ఆ బాకీకి తాకట్టుగా కాలేజీ అట్టిపెట్టుకున్నది, డిగ్రీ పూర్తి చేసి ఉద్యోగం వచ్చిన ఒక కూలీ కూతురి సర్టిఫికెట్. ఒప్పందంలో లేని మూడో వ్యక్తి సొత్తును జప్తు చేయడాన్ని మీ సిద్ధాంతం ఏమంటుందో నాకంటే మీకే బాగా తెలుసు. ఇలాంటి విద్యార్థుల తరఫున గత ఇన్నేళ్లలో కలెక్టరేట్ల ముందు ధర్నాలు చేసినవి మీరు ఎగతాళి చేసే ఎర్రజెండా సంఘాలూ, బీసీ, దళిత విద్యార్థి సంఘాలూ. ఆస్తిహక్కు గురించి రోజూ మాట్లాడే మీరు అక్కడ లేరు.

ఇక్కడే ఇంకో మాట. ప్రభుత్వం బడులు నడపడానికి బదులు విద్యార్థి వెంట డబ్బు పంపితే చాలునని ఫ్రీడ్‌మన్ 1955లోనే రాశాడు. ఫీజు రీయింబర్స్‌మెంట్ రూపురేఖల్లో దానికి దగ్గరిదే, ఆంధ్రప్రదేశ్‌లో 2021 నుంచి కొంతకాలం ఆ సొమ్మును నేరుగా తల్లుల ఖాతాల్లోకి పంపినప్పుడైతే మరీ దగ్గరికి వచ్చింది. డబ్బు తల్లి చేతిలోకి వస్తే కాలేజీ ఆమెకు జవాబుదారీ అవుతుందా, లేక సర్కారుకూ కాలేజీకీ మధ్య ఆమె ఇంకో వసూలు ఏజెంటుగా మారుతుందా? ఇంత మంచి ప్రయోగం కళ్లముందు నడిచింది. మీలో ఎవరైనా ఒక ఊరికి వెళ్లి పది కుటుంబాలతో మాట్లాడి రాసి ఉంటే, నా విద్యార్థులకు దాన్ని పాఠంగా పెట్టేవాణ్ణి. ఫ్రీడ్‌మన్ బోధించిన చికాగో గురించి మాత్రం మీరు చాలా రాశారు.

హాస్టల్ వేళల సంగతి తేలిగ్గానే చెప్పి ముందుకు వెళ్తాను, ఎందుకంటే ఇందులో వాదించడానికి పెద్దగా ఏమీ లేదు. కేరళలోని కోళికోడ్ జిల్లాలో ఒక ఎయిడెడ్ కాలేజీ అమ్మాయిల హాస్టల్‌లో సాయంత్రం 6 నుంచి రాత్రి 10 దాకా ఫోన్లు వార్డెన్‌కు అప్పగించాలని నియమం పెట్టారు. ఒప్పుకోనన్న ఒక విద్యార్థినిని హాస్టల్ నుంచి పంపేశారు. ఆమె కోర్టుకు వెళ్లింది. 2019 సెప్టెంబరులో కేరళ హైకోర్టు, ఇంటర్నెట్ అందుబాటు విద్యాహక్కులోనూ వ్యక్తిగత గోప్యతలోనూ భాగమని చెప్పి, ఆమెను తిరిగి చేర్చుకోమంది. పద్దెనిమిదేళ్లు నిండి ఓటు వేసే మనిషి రాత్రి ఎన్నింటికి ఫోన్ చూడాలన్నది వార్డెన్ నిర్ణయించడం కంటే సూటిగా మీ సిద్ధాంతానికి తగిలే అంశం ఏదైనా ఉందా? మన క్యాంపస్‌లలో అబ్బాయిల హాస్టల్ గేటు తెరిచి ఉండి, అమ్మాయిల గేటుకు మాత్రం పొద్దుగూకేసరికి తాళం పడే చోట్లు ఇంకా ఉన్నాయి. అక్కడ ధర్నా చేసిన అమ్మాయిల చేతుల్లోని ప్లకార్డుల మీద ఉన్న వాక్యాలు సాక్షాత్తూ స్వేచ్ఛావాదమే. రాసినవాళ్లు ఆ పేరు పెట్టుకోలేదు, అంతే.

మీది దిగుమతి సరుకని ఎవరైనా అంటే మీరు ఎన్.జి. రంగా పేరు చెప్పవచ్చు. నిడుబ్రోలులో పుట్టి, ఆక్స్‌ఫర్డ్‌లో చదివి, మద్రాసు పచ్చయ్యప్ప కళాశాలలో ఆర్థిక శాస్త్రం బోధించిన ఆయన, 1930లలో సొంత ఊరిలో రైతు యువకులకు రాజకీయ పాఠాలు చెప్పే విద్యాలయం నడిపారు. 1959లో కాంగ్రెస్ నాగపూర్ తీర్మానం సహకార వ్యవసాయాన్ని నెత్తికెత్తుకున్నప్పుడు బయటికి వచ్చి, రాజాజీ, మినూ మసానీలతో కలిసి, ఆర్థిక వ్యవస్థ మీద ప్రభుత్వ నియంత్రణలను వ్యతిరేకించే స్వతంత్ర పార్టీని నిలబెట్టి, దానికి మొదటి అధ్యక్షుడయ్యారు. 1967లో ఆ పార్టీ లోక్‌సభలో 44 స్థానాలు గెలిచింది. తరువాత రంగా మళ్లీ కాంగ్రెస్‌లోకే వెళ్లారు, అది వేరే కథ. ఎమర్జెన్సీలో మసానీ తన పత్రిక మీద సెన్సారు ఉత్తర్వును బొంబాయి హైకోర్టులో సవాలు చేసి 1976లో గెలిచారు. అప్పటికి జైళ్లలో ఉన్నవారిలో ఆయన ఆర్థిక విధానాన్ని అసహ్యించుకునే సోషలిస్టులు ఎందరో ఉన్నారు. ఆ తీర్పు వాళ్లకూ పనికొచ్చింది. రాజాజీ చరిత్ర ఇంత శుభ్రమైనది కాదు. 1937 తరువాత మద్రాసు ప్రధానిగా (నేటి ముఖ్యమంత్రి పదవి లాంటిది) బడుల్లో హిందీని తప్పనిసరి చేసి, వ్యతిరేకించినవారిని వెయ్యి మందికి పైగా, బ్రిటిషువాళ్లు మన మీద వాడిన చట్టంతోనే జైలుకు పంపారు. 1965 వచ్చేసరికి హిందీని రుద్దడం తగదని అదే రాజాజీ వాదించారు. కుర్చీలో ఉన్నప్పుడూ లేనప్పుడూ మనిషి స్వేచ్ఛను వేర్వేరుగా చూస్తాడనడానికి ఇంతకంటే పెద్ద మనిషి ఉదాహరణ దొరకదు.

మీరు తరగతిలో తరచు ఎత్తే మొదటి రాజ్యాంగ సవరణ విషయం కూడా ఇక్కడే చెప్పాలి. భూసంస్కరణలను కోర్టుల నుంచి తప్పించడానికి ఆస్తిహక్కుకు కోత పెట్టిన సవరణగా దాన్ని మీరు తప్పుపడతారు. 1951 జూన్‌లో వచ్చిన ఆ చట్టమే వాక్ స్వాతంత్ర్యానికీ కోత పెట్టింది, ఆ స్వాతంత్ర్యానికి పరిమితులు చెప్పే 19(2) అధికరణంలో 'పబ్లిక్ ఆర్డర్' (శాంతిభద్రతలు) వంటి మాటలను చేర్చింది. అందుకు కారణం 1950 మే 26న సుప్రీంకోర్టు ఒకే రోజున ఇచ్చిన రెండు తీర్పులు. ఒకటి, వామపక్ష పత్రిక 'క్రాస్ రోడ్స్'ను మద్రాసు ప్రభుత్వం తన రాష్ట్రంలోకి రానివ్వకపోవడం చెల్లదని చెప్పింది. మన కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు ఆ రాష్ట్రంలోవే. రెండోది, ఆర్‌ఎస్‌ఎస్‌కు దగ్గరైన 'ఆర్గనైజర్' మీద ఢిల్లీలో ముందస్తు సెన్సారును కొట్టేసింది. ఎడమా కుడీ ఒకే రోజు గెలిచాయి, ఏడాది తిరిగేసరికి ఒకే సవరణతో ఇద్దరూ ఓడిపోయారు. అదే సవరణ 15(4) అధికరణాన్ని చేర్చి విద్యాసంస్థల్లో రిజర్వేషన్లను నిలబెట్టింది కూడా, కాబట్టి దాన్ని మొత్తంగా తిట్టిపోసే మీ అలవాటుతో నేను ఏకీభవించను. కానీ ఈ రోజు మీ రిజిస్ట్రార్ హాలు ఇవ్వకపోవడానికి చెప్పే శాంతిభద్రతల సాకుకు మూలం అక్కడ ఉంది. ఆస్తిహక్కు పోయిందని ఏడ్చి, పక్కనే పడి ఉన్న రెండో హక్కును మీరు చూడటం లేదు.

విద్యార్థి సంఘాల మీద మీకున్న ఒక ఆరోపణ మాత్రం పూర్తిగా న్యాయమైనది. విద్యాసంస్థల బంద్ ఎలా జరుగుతుందో అందరికీ తెలుసు. ఉదయం పది గంటలకు పది పదిహేను మంది లోపలికి వస్తారు, ప్రిన్సిపాల్ గదిలో రెండు నిమిషాలు మాట్లాడతారు, లాంగ్ బెల్ మోగుతుంది, పిల్లలు బస్టాప్‌కు వెళ్లిపోతారు. ఆ బంద్‌కు కారణమేమిటో వాళ్లలో సగం మందికి తెలియదు, చదువుకోవాలనుకున్నవాడి ఇష్టాన్ని ఎవరూ అడగలేదు. ఇలాంటి బలవంతపు బంద్ ఇతరుల ప్రాథమిక హక్కులకు భంగమని 1997లో కేరళ హైకోర్టు చెబితే సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ప్రత్యర్థి సభలోకి దూరి మైకు లాక్కోవడం, వక్తను దారిలోనే ఆపడం, కుర్చీలు విరగ్గొట్టడం కూడా ఈ కోవలోవే, ఏ సంఘం చేసినా సరే. మీరు దీన్ని తప్పుపట్టినప్పుడు నేను మీ వైపే ఉన్నాను. అయితే తరగతులను బలవంతంగా ఆపడం తప్పు అన్నంత మాత్రాన, ధర్నా చౌక్ తప్పని, కరపత్రం తప్పని, క్యాంపస్‌లో రాజకీయాలే ఉండకూడదని అనడానికి అనుమతి దొరకదు. 'చదువుకోవడానికి వచ్చారు, చదువుకోండి' అన్న వాక్యం మీ నోట వినపడినప్పుడు నాకు ఆశ్చర్యంగా ఉంటుంది. అది వార్డెన్ వాక్యం.

విద్యార్థి సంఘాల ఎన్నికల విషయంలో కూడా మీరు ఇలాగే పెదవి విరుస్తారు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఎన్నికలు జరుగుతాయి. ఉస్మానియా వంటి చోట్ల ఆగిపోయి మూడు దశాబ్దాలు దాటింది. 2006లో సుప్రీంకోర్టు అమలు చేయమన్న లింగ్డో కమిటీ సిఫార్సులు చదివితే మీకు పని దొరుకుతుంది. అభ్యర్థి ఖర్చు 5,000 రూపాయలు మించకూడదు. అచ్చు వేసిన పోస్టరు, అచ్చు వేసిన కరపత్రం పనికిరావు, చేత్తో రాసినవే వాడాలి. లౌడ్‌స్పీకర్లు, వాహనాలు, జంతువులు ప్రచారానికి నిషేధం. జంతువుల నిషేధానికి నేనేమీ అభ్యంతరం చెప్పను. కానీ అచ్చు కాగితాన్ని నేరంగా చూడటం, వయసుకూ హాజరుకూ లెక్కలు కట్టి ఎవరు పోటీ చేయవచ్చో తేల్చడం, ఇవన్నీ సదుద్దేశంతో కట్టిన కంచెలే. డబ్బునూ రౌడీయిజాన్నీ అడ్డుకోవడానికి ఇంత అవసరమా అని అడగాల్సింది మీరే, ఎందుకంటే మిగతా సంఘాలు ఎన్నికలే జరగాలని అడుగుతున్నాయి, వాటికి ఈ లోతుకు దిగే తీరిక లేదు.

మిమ్మల్ని అందరికంటే గట్టిగా నిలదీసేది అంబేడ్కర్‌వాద విద్యార్థులు. రాజ్యం అదుపు నుంచి స్వేచ్ఛ అంటే ప్రైవేటు యజమాని నియంతృత్వానికి ఇంకో పేరని అంబేడ్కర్ 1947లో 'స్టేట్స్ అండ్ మైనారిటీస్'లో రాశారు. కులం అడిగి మరీ ఇల్లు అద్దెకివ్వని ఊళ్లో చదువుకున్న కుర్రాడికి, ఒప్పంద స్వేచ్ఛ గురించి మీరు చెప్పే మాట ఎలా వినిపిస్తుందో ఆలోచించండి. మీ పుస్తకాల్లో దీనికి పూర్తి సమాధానం ఉందని నేననుకోను, మీ సిద్ధాంతంలో నేను ఒప్పుకోని సగం ఇక్కడే మొదలవుతుంది. కానీ ఆ కుర్రాడితో మీకు ఉమ్మడి నేల లేదనడం మాత్రం అబద్ధం. ఎవరి వంట ఎవరు తినాలో, ఎవరిని ఎవరు పెళ్లాడాలో, ఏ వీధిలో ఎవరు నడవాలో నిర్ణయించే ఊరిపెద్దల అధికారం కూడా బలవంతమే, దానికి ప్రభుత్వ ముద్ర లేకపోవచ్చు. ఆ బలవంతాన్ని లెక్కలోకి తీసుకోని స్వేచ్ఛావాదం ఈ గడ్డ మీద పది మందిని మించి పోగు చేయజాలదు, ఇంతవరకు చేయలేకపోయింది కూడా.

అందుకే ఈ విద్యా సంవత్సరానికి మిమ్మల్ని కొన్ని పనులు అడుగుతున్నాను. మీ విశ్వవిద్యాలయంలో సభలకు ముందస్తు అనుమతి ఏ చట్టం, ఏ ఉత్తర్వు ప్రకారం తప్పనిసరో చెప్పమని, గడచిన మూడేళ్లలో ఎన్ని దరఖాస్తులు వచ్చాయో, ఎన్నింటిని ఏ కారణంతో కాదన్నారో ఇవ్వమని సమాచార హక్కు చట్టం కింద అడగండి. పది రూపాయల ఫీజు, ముప్పై రోజుల గడువు. ఏ ఉత్తర్వూ లేదని, అది ఆనవాయితీ మాత్రమేనని జవాబు వచ్చినా నేను ఆశ్చర్యపోను. ఆన్‌లైన్‌లో 'అభ్యంతరకర' పోస్టులను నేరంగా చూసిన ఐటీ చట్టం 66ఎ సెక్షన్‌ను 2015లో సుప్రీంకోర్టు కొట్టేసిన కేసులో మొదటి పిటిషనర్ శ్రేయా సింఘాల్, పిటిషన్ వేసేనాటికి ఆమె న్యాయశాస్త్రం చదవబోతున్న అమ్మాయి. ఆమె అరెస్టయిన వ్యక్తి కాదు, అరెస్టయినవాళ్ల స్నేహితురాలూ కాదు. ఎవరో ముక్కూమొహం తెలియని ఇద్దరు యువతుల ఫేస్‌బుక్ పోస్టు కోసం కోర్టుకు వెళ్లింది.

ఆ తరువాతది కష్టమైన పని. మీకు అస్సలు నచ్చని సంఘం సభకు ఈసారి అనుమతి రాకపోతే, వాళ్ల దరఖాస్తుతో పాటు మీ పేర్లతో ఇంకో దరఖాస్తు పెట్టండి. వాళ్ల నినాదం మీరు పలకనక్కరలేదు. సభలో లేచి వాళ్లతో విభేదించండి, వాళ్ల తీర్మానానికి వ్యతిరేకంగా ఓటు వేయండి, మరుసటి రోజు దానిని ఖండిస్తూ కరపత్రం వేయండి. ముందు సభ జరగాలి. ఫీజు బాకీల వల్ల సర్టిఫికెట్లు చిక్కుకున్న మీ క్లాసు విద్యార్థుల జాబితా ఒకటి తయారు చేసి, యూజీసీ నోటిఫికేషన్ కాపీని జోడించి, ప్రిన్సిపాల్‌కూ ఉన్నత విద్యామండలికీ పంపండి. ఈ పనికి మీకు ఎర్రజెండా సంఘాల కుర్రాళ్లు తోడు వస్తారు, వద్దనకండి. వాళ్లకు ఆఫీసు చుట్టూ తిరగడం అలవాటు, మీకు నిబంధనలు చదవడం అలవాటు.

మీ దరఖాస్తులకు వచ్చిన జవాబులు, రాకపోతే రాలేదన్న సంగతి, నాకూ పంపితే వాటి మీద మళ్లీ రాస్తాను. నా వాదనలో ఎక్కడ తర్కం తప్పిందో, ముఖ్యంగా ప్రైవేటు విశ్వవిద్యాలయాల విషయంలో, మీరు కూడా బహిరంగంగానే జవాబు రాయండి.

ఇట్లు,
ఒక రాజనీతి శాస్త్ర అధ్యాపకుడు